డీజిల్ ట్రక్కు మైలేజ్ ఒక్కసారిగా పడిపోయిందా? ఫోన్‌తో అసలు కారణం ఇలా పట్టుకోండి

ఫోన్ బ్యాటరీ నిన్నటిదాకా సాయంత్రం వరకు వచ్చి, ఈరోజు మధ్యాహ్నానికే అయిపోతే మీరేం చేస్తారు? పరిగెత్తి కొత్త బ్యాటరీ వేయించరు కదా. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాటరీ యూసేజ్ చూస్తారు. ఏ యాప్ తాగేస్తోందో కనిపెడతారు. సిగ్నల్ వీక్‌గా ఉందేమో, బ్రైట్‌నెస్ ఫుల్‌లో ఉందేమో చెక్ చేస్తారు. చివరికి గానీ బ్యాటరీ మీద అనుమానం రాదు.

డీజిల్ బండి మైలేజ్ పడిపోతే మాత్రం మనవాళ్లు దీనికి సరిగ్గా రివర్స్‌లో వెళ్తారు. ముందు ఇంజెక్టర్లు విప్పుతారు, తర్వాత పంపు, తర్వాత టర్బో. ఖర్చు పెరుగుతూ పోతుంది, మైలేజ్ మాత్రం రాదు. ఈ ఆర్టికల్‌లో ఒక స్మార్ట్‌ఫోన్, చిన్న ఓబీడీ అడాప్టర్, కొంచెం ఓపికతో అసలు కారణాన్ని ఎలా పట్టుకోవచ్చో చూద్దాం. ఇది మా ఇంట్లో జరిగిన కథే కాబట్టి, మేం చేసిన ఆర్డర్‌లోనే చెప్తాను.

అసలు ప్రాబ్లమ్ ఏంటి?

మాది బౌద్ధనగర్. మా బాబాయికి ఒక చిన్న డీజిల్ ట్రక్కు ఉంది. మన దగ్గర ట్రాలీ అంటారు కదా, ఆ సైజు. బీఎస్6 బండి. పొద్దున నాచారంలో గోడౌన్ దగ్గర సరుకు ఎత్తి తార్నాక, సీతాఫల్‌మండి, వారాసిగూడ, చిలకలగూడ షాపులకి వేస్తాడు. మధ్యమధ్యలో ఘట్‌కేసర్ ట్రిప్పు కూడా ఉంటుంది. రోజుకి సుమారు 90 కిలోమీటర్లు తిరుగుతుంది.

డిసెంబర్‌లో ఒకరోజు ఇంటికొచ్చి తాళం చెవి టేబుల్ మీద పడేసి, "ఏందో రా, బండి మునుపటి లెక్క ఇస్తలేదు. పొద్దున కొట్టిపిస్తే రేపటికే ముల్లు కిందికొస్తుంది" అన్నాడు. ఇంతకుముందు లీటరుకి 14 వచ్చేది. ఇప్పుడు పది, పదిన్నర అంటున్నాడు.

వినడానికి చిన్న తేడాలా ఉంటుంది. లెక్కేసి చూడండి. రోజుకి 90 కిలోమీటర్లు, నెలకి 26 రోజులంటే 2,340 కిలోమీటర్లు. లీటరుకి 14 వస్తే 167 లీటర్లు చాలు. 10.5 మాత్రమే వస్తే 223 లీటర్లు కావాలి. అంటే 56 లీటర్లు ఎక్స్‌ట్రా. హైదరాబాద్‌లో లీటరు డీజిల్ 95 రూపాయలు దాటాక ఇది నెలకి 5,300 రూపాయలు. కిరాయి పెరగదు, బండి ఈఎంఐ ఆగదు. ఆ డబ్బు నేరుగా ఇంటి ఖర్చుల్లోంచే పోతుంది.

అప్పటికే ఒక షెడ్‌లో చూపించాడు. "ఇంజెక్టర్లు పోయినయ్, నాలుగూ మార్చాలె, 40 వేలు అయితయ్" అన్నారట. ఏ మీటరూ పెట్టలేదు, సౌండ్ విని చెప్పేశారు. నేను ఒక్కటే అడిగాను. "బాబాయ్, నాకు రెండు వారాలు టైమియ్యి. అప్పటిదాకా ఏదీ విప్పించకు."

స్టెప్ 1: మైలేజ్ నిజంగానే పడిందా?

ఇది అందరూ స్కిప్ చేసే స్టెప్. డ్రైవర్ చెప్పే మైలేజ్ చాలాసార్లు ముల్లు చూసి వేసిన అంచనా. దాని మీద డయాగ్నసిస్ మొదలుపెడితే మొదటి అడుగే తప్పు పడుతుంది. నమ్మదగిన పద్ధతి ట్యాంక్ టు ట్యాంక్.

ఒకే బంక్, వీలైతే అదే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి ఆటో కట్ అయ్యేదాకా నింపండి. ఆ తర్వాత రౌండ్ ఫిగర్ కోసం ఇంకొంచెం కొట్టించొద్దు. ట్రిప్ మీటర్ జీరో చేయండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక అదే పంపు దగ్గర మళ్లీ మొదటి కట్ వరకు నింపండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు చేయాలి. ఒక్కసారికి రెండు లీటర్ల తేడా ఈజీగా వస్తుంది, మూడింటి సగటులో అది సర్దుకుంటుంది.

మాకు వచ్చినవి ఇవి:

మొదటి ఫిల్: 318 కి.మీ., 30.4 లీటర్లు
రెండో ఫిల్: 305 కి.మీ., 28.8 లీటర్లు
మూడో ఫిల్: 322 కి.మీ., 31.0 లీటర్లు

మొత్తం 945 కిలోమీటర్లకి 90.2 లీటర్లు. అంటే 10.5. బాబాయి చెప్పింది కరెక్టే.

ఓడోమీటర్‌ని కూడా ఒకసారి జీపీఎస్‌తో పోల్చండి. ఫోన్‌లో ఏదైనా ట్రాకింగ్ యాప్ ఆన్ చేసి 40, 50 కిలోమీటర్లు తిరిగితే చాలు. ఎందుకంటే వేరే సైజు టైర్లు వేయిస్తే ఓడోమీటర్ లెక్క మారిపోతుంది. టైరు పెద్దదైతే ఒక్క రౌండ్‌లో బండి ఎక్కువ దూరం వెళ్తుంది, కానీ మీటర్ పాత లెక్కే వేస్తుంది. తిరిగింది 100 అయితే 95 అని చూపిస్తుంది. అప్పుడు బండిలో ఏ లోపం లేకపోయినా పేపర్ మీద మైలేజ్ పడిపోతుంది. మా బండిలో ఆ తేడా లేదు.

ఇక అందరి మొదటి అనుమానం బంక్ మీదే. "కొలత తక్కువ కొడుతున్నారు" అని. ఏ బంక్‌లోనైనా 5 లీటర్ల కొలత పాత్ర ఉంటుంది, అడిగితే కొలిచి చూపించాలి. అందులో ఒప్పుకునే తేడా 25 మిల్లీలీటర్లు, అంటే అర శాతం. డీజిల్ డెన్సిటీ కూడా అడిగి చూడొచ్చు. ఉష్ణోగ్రత సవరణ చేశాక, ఆరోజు రికార్డులో రాసిన విలువకి క్యూబిక్ మీటరుకి 3 కిలోలకి మించి తేడా ఉండకూడదు. మేం రెండూ చూశాం, రెండూ ఓకే. పైగా మనకి పడింది 25 శాతం. కొలతలో చిన్న తేడాలతో అంత పడదు. కారణం బండిలోనే ఉంది.

స్టెప్ 2: ఇంజిన్‌కి ముందు చక్రాలు

డీజిల్ కాలడం ఇంజిన్‌లో జరుగుతుంది కానీ, ఎంత కాలాలో చాలావరకు చక్రాలు డిసైడ్ చేస్తాయి. ఈ చెక్స్‌కి దాదాపు ఖర్చు ఉండదు.

టైర్లలో గాలి: డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత పీఎస్‌ఐ ఉండాలో రాసి ఉంటుంది. లోడ్‌తో, ఖాళీగా వేర్వేరు నంబర్లు ఉంటాయి. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మా వెనక టైర్లు రెండూ 12 పీఎస్‌ఐ తక్కువ ఉన్నాయి.

బ్రేక్ పట్టేస్తోందా: ఓ 10 కిలోమీటర్లు తిరిగి, చివర్లో గట్టిగా బ్రేక్ కొట్టకుండా మెల్లగా ఆపండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు చక్రాల డ్రమ్ములు, డిస్కులు చూడండి. ముందువాటిని ముందువాటితో, వెనకవాటిని వెనకవాటితో పోల్చాలి. ఎడమకీ కుడికీ 30, 40 డిగ్రీల తేడా ఉంటే వేడిగా ఉన్న వైపు బ్రేక్ పూర్తిగా వదలడం లేదన్నమాట. చేత్తో ముట్టుకుని చూడొద్దు, కాలుతుంది.

క్లచ్ జారుతోందా: దీనికి ఫోన్ బాగా పనికొస్తుంది. ఒకే గేర్‌లో ఆర్‌పీఎంని స్పీడ్‌తో భాగిస్తే వచ్చే నంబర్ ఎప్పుడూ ఒకటే ఉండాలి. లోడ్‌తో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆ నంబర్ పెరుగుతుంటే, ఇంజిన్ తిరుగుతోంది కానీ బండికి అందడం లేదు. మాది స్టడీగానే ఉంది.

గాలి సరిచేసి ఇంకో ట్యాంక్ తిప్పాం. 300 కిలోమీటర్లకి 27.1 లీటర్లు, అంటే 11. కొంచెం వచ్చింది, కానీ ఇంకా మూడు బాకీ ఉంది. ఇక లోపలికి వెళ్లాల్సిందే.

స్టెప్ 3: ఏ ఓబీడీ అడాప్టర్ తీసుకోవాలి?

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఇంజిన్ కంప్యూటర్ అదేనండీ, ఈసీయూ, తనకి తెలిసిన వివరాలు ఈ సాకెట్ ద్వారా బయటకి చెప్తుంది. దానికి అడాప్టర్ పెట్టి, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపి, యాప్‌లో చూడటమే మన పని.

మార్కెట్లో దొరికే చవక అడాప్టర్లన్నిటి మీదా ఈఎల్ఎం327 అని ఉంటుంది. అది కెనడాకి చెందిన ఈఎల్ఎం ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిప్ పేరు. ఆ కంపెనీ 2022లో మూతపడింది. చవకగా దొరికేవాటిలో ఎక్కువ శాతం క్లోన్లే. క్లోన్ అయినంత మాత్రాన పనికిరాదని కాదు, కానీ కొన్ని క్లోన్లు సగం కమాండ్లకి జవాబివ్వవు. చాలా స్లోగా చదువుతాయి. పైన 2.1 అని వెర్షన్ పెద్దగా రాసి ఉన్నవాటిలో ఈ తలనొప్పి ఎక్కువ. మరీ చవకది కాకుండా, రివ్యూల్లో డీజిల్ బండ్ల మీద వాడినవాళ్లు ఉన్న మోడల్ చూసుకోండి.

కొనే ముందు మూడు విషయాలు గుర్తుంచుకోండి:

1. ఐఫోన్ అయితే బ్లూటూత్ లో ఎనర్జీ గానీ వైఫై గానీ ఉన్న అడాప్టరే కావాలి. పాత క్లాసిక్ బ్లూటూత్ అడాప్టర్లు ఆండ్రాయిడ్‌కి మాత్రమే పనిచేస్తాయి.
2. ఆ సాకెట్‌లో 16వ పిన్‌కి బండి ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ కరెంట్ వస్తుంది. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి. లేకపోతే రెండు మూడు వారాలు నిలబెట్టిన బండి స్టార్ట్ అవ్వకపోవచ్చు.
3. పెద్ద లారీలు, చాలా డీసీఎంలు 24 వోల్టుల మీద నడుస్తాయి. వాటి కంప్యూటర్ మాట్లాడే భాష కూడా వేరు, జే1939 అంటారు. 12 వోల్టుల కారు అడాప్టర్ వాటికి పెడితే అడాప్టర్ కాలిపోవచ్చు. హెవీ వెహికల్స్ కోసం తయారుచేసిందే తీసుకోవాలి.

స్టెప్ 4: యాప్ చూపించే మైలేజ్‌ని నమ్మొద్దు

అడాప్టర్ పెట్టగానే చాలామంది యాప్‌లో లైవ్ మైలేజ్ మీటర్ ఓపెన్ చేస్తారు. డీజిల్ బండికి అది చాలాసార్లు తప్పు చెప్తుంది. ఎందుకో తెలుసుకుంటే ఇంటరెస్టింగ్‌గా ఉంటుంది.

ఎక్కువ యాప్స్ ఇంధనాన్ని నేరుగా కొలవవు. ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో చూసి, దాన్ని 14.7తో భాగించి ఇంత పెట్రోల్ కాలింది అని లెక్కేస్తాయి. పెట్రోల్ ఇంజిన్‌లో ఇది బాగానే కుదురుతుంది, ఎందుకంటే అక్కడ గాలి, పెట్రోల్ నిష్పత్తి ఎప్పుడూ దాదాపు అంతే ఉంటుంది. డీజిల్ ఇంజిన్ అలా పనిచేయదు. అది గాలిని దండిగా పీల్చుకుంటుంది, పవర్ ఎంత కావాలో దాన్నిబట్టి డీజిల్ మాత్రమే పెంచుతుంది, తగ్గిస్తుంది. ఐడిల్‌లో ఆ నిష్పత్తి 14.7కి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి యాప్ నంబర్ చూసి కంగారు పడొద్దు. మీ బండి ఈసీయూ ఫ్యూయల్ రేట్‌ని నేరుగా ఇస్తుంటే అది వాడండి. లేదంటే మైలేజ్‌కి ట్యాంక్ టు ట్యాంకే కరెక్ట్.

మరి ఓబీడీతో ఉపయోగం ఏంటంటే, మైలేజ్ ఎంత అని కాదు, ఎందుకు పడింది అని తెలుసుకోవడం. దానికి ఈ రీడింగ్స్ లాగ్ చేయండి:

మ్యానిఫోల్డ్ ప్రెషర్: ఇంజిన్ ఆఫ్, ఇగ్నిషన్ ఆన్‌లో చూడండి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి 95 కిలోపాస్కల్స్ దగ్గర చూపించాలి. లోడ్‌తో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే టర్బో దాన్ని దాదాపు రెట్టింపు చేయాలి. అంత పెరగకపోతే పైపు లీకో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడమో, టర్బో లోపమో.

రైల్ ప్రెషర్: ఐడిల్‌లో కొన్ని వందల బార్, లోడ్‌లో వెయ్యి దాటాలి. ఈసీయూ అడిగినదానికి, నిజంగా ఉన్నదానికి పెద్ద తేడా ఉంటే అప్పుడు ఫిల్టర్, పంపు, ఇంజెక్టర్ల మీద అనుమానపడొచ్చు.

కూలంట్ టెంపరేచర్: బండి వేడెక్కాక ఎక్కువ ఇంజిన్లలో 80 నుంచి 95 డిగ్రీల మధ్య నిలబడాలి.

ఎగ్జాస్ట్ టెంపరేచర్: మామూలు సిటీ డ్రైవింగ్‌లో 200, 300 డిగ్రీల చుట్టూ తిరుగుతుంది. ఉన్నట్టుండి 550, 600కి వెళ్తే డీపీఎఫ్ క్లీనింగ్ నడుస్తోందని అర్థం. ఇదేంటో కింద చెప్తాను.

పెండింగ్ కోడ్స్: చెక్ ఇంజిన్ లైట్ వెలగలేదు కాబట్టి ఎర్రర్ లేదు అనుకోవద్దు. చాలా లోపాలకి వరుసగా రెండు డ్రైవింగ్ సైకిల్స్‌లో కనిపిస్తేనే లైట్ వెలుగుతుంది. ఒక్కసారే కనిపిస్తే అది పెండింగ్ లిస్టులో కూర్చుంటుంది. యాప్‌లో ఆ లిస్టు విడిగా ఉంటుంది.

గ్రాఫ్‌లో దొరికిన దొంగ

ఒక ఆదివారం పొద్దున్నే ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ వెళ్లి వచ్చాం. బాబాయి డ్రైవింగ్, నేను పక్క సీట్లో ఫోన్ పట్టుకుని. తర్వాత రెండు రోజులు ఆయన మామూలు డెలివరీలప్పుడు కూడా లాగ్ నడిపించాను. ఆ ఫైల్స్ లాప్‌టాప్‌లో వేసుకుని, ఓయూ ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివే నా ఫ్రెండ్ దగ్గరికి వెళ్లాను. ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్టు కింద కూర్చుని ఒక్కొక్క గ్రాఫ్ ఓపెన్ చేశాం.

రైల్ ప్రెషర్ అడిగినంత వస్తోంది. టర్బో బాగానే ఊదుతోంది. ఐడిల్‌లో ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు కూడా నాలుగింటికీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అంటే ఆ 40 వేల ఇంజెక్టర్లు దొంగ కాదు.

కూలంట్ గ్రాఫ్ దగ్గర ఆగిపోయాం. ఘట్‌కేసర్ దాకా వెళ్లినా లైన్ 60 డిగ్రీల దగ్గరే పాకుతోంది. ట్రాఫిక్‌లో ఆగితే 68, మళ్లీ స్పీడ్ అందుకుంటే 58. ఒక్కసారి కూడా 80 తాకలేదు. పెండింగ్ లిస్టులో పీ0128 అనే కోడ్ కూడా ఉంది. దాని అర్థం, ఇంజిన్ ఉండాల్సిన వేడికి చేరడం లేదు, థర్మోస్టాట్ చూడండి అని.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్‌కి, రేడియేటర్‌కి మధ్య ఉండే చిన్న వాల్వ్. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉంటుంది, నీళ్లు రేడియేటర్‌కి పోవు, ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. 80, 85 డిగ్రీలు దాటాక అందులోని మైనం కరిగి వ్యాకోచించి వాల్వ్‌ని తెరుస్తుంది.

ఇంటికొచ్చి బాబాయిని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి అన్నాడు, "మేల ఒకసారి హీటెక్కింది రా బండి. అప్పుడు ఒక షెడ్‌ల ఏందో తీసేసిండ్రు. మన ఎండలకు గది అవసరం లేదన్నరు."

అదే థర్మోస్టాట్. ఎండాకాలం మొత్తం ప్రాబ్లమ్ తెలియలేదు, ఎందుకంటే 40 డిగ్రీల ఎండలో, ట్రాఫిక్‌లో ఇంజిన్ ఎలాగోలా వేడెక్కేది. డిసెంబర్‌లో పొద్దున 15 డిగ్రీల చలికి వచ్చేసరికి అది బయటపడింది. తప్పు మేలో జరిగింది, లక్షణం డిసెంబర్‌లో కనిపించింది. మధ్యలో ఏడు నెలలు. అందుకే ఎవరూ రెండింటినీ కలిపి చూడలేదు.

పాత సలహా, కొత్త ఇంజిన్

థర్మోస్టాట్ తీసేయడం మన దగ్గర చాలా పాత అలవాటు. పాత మెకానికల్ పంపు ఇంజిన్లలో కూడా అది మంచి పని కాదు. ఇంజిన్ చల్లగా నడిస్తే ఆయిల్ చిక్కగా ఉంటుంది, రాపిడి పెరుగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కానీ ఆ బండ్లు ఎలాగోలా లాగేసేవి. బీఎస్6 బండి అలా లాగలేదు. రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఈసీయూ. కూలంట్ 60 డిగ్రీల దగ్గర ఉంటే "ఇంజిన్ ఇంకా వేడెక్కలేదు" అనుకుని దానికి తగ్గట్టు ఇంజెక్షన్ మారుస్తుంది. రోజంతా వార్మప్ మోడ్‌లోనే నడుస్తున్నట్టు అన్నమాట.

రెండోది, అసలు పెద్దది, డీపీఎఫ్. మన దేశం బీఎస్5ని వదిలేసి, 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్6కి వచ్చింది. దాంతో ఈ తరహా డీజిల్ బండ్ల సైలెన్సర్ లైన్‌లోకి డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ వచ్చింది. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. మసి నిండాక ఈసీయూ ఎక్స్‌ట్రా డీజిల్ ఇంజెక్ట్ చేసి, ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. పూర్తవడానికి ఓ 15, 20 నిమిషాలు బండి ఆగకుండా, తగినంత వేడితో నడవాలి. బాగున్న బండిలో ఇది కొన్ని వందల కిలోమీటర్లకి ఒకసారి జరిగి అయిపోతుంది.

మా లాగ్‌లో ఒక్క రోజులో ఎగ్జాస్ట్ టెంపరేచర్ నాలుగుసార్లు 550 దాటింది. నాలుగుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది. చల్లని ఇంజిన్‌లో మసి ఎక్కువ పుడుతుంది, ఫిల్టర్ త్వరగా నిండుతుంది. క్లీనింగ్ మొదలవుతుంది. పది నిమిషాల్లో షాపు వస్తుంది, బాబాయి ఇంజిన్ ఆఫ్ చేస్తాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే క్లీనింగ్ మళ్లీ మొదటినుంచి. ఆ డీజిల్ ఒక్క చుక్క కూడా చక్రాలకి పోవడం లేదు. మసి కాల్చడానికి పోతోంది, ఆ పని కూడా పూర్తవడం లేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ ఎక్స్‌ట్రా డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మ్యాక్స్ గీత పైన ఉంది, డీజిల్ వాసన వస్తోంది. ఆయిల్ తగ్గితేనే భయపడాలి అనుకుంటాం కదా, డీజిల్ బండిలో పెరిగినా భయపడాలి. పల్చబడిన ఆయిల్‌తో ఇలాగే ఇంకొన్ని నెలలు నడిపి ఉంటే బేరింగులు పోయేవి. అప్పుడు పోయేది మైలేజ్ కాదు, ఇంజిన్.

ఏం మార్చాం? ఎంత వచ్చింది?

కొత్త థర్మోస్టాట్, గ్యాస్కెట్, కూలంట్, ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్. లేబర్‌తో కలిపి 5 వేల లోపే అయింది. కొత్త థర్మోస్టాట్ పెట్టే ముందు దాన్ని ఇంట్లో గిన్నెలో నీళ్లు పోసి, వంటింటి థర్మామీటర్ పెట్టి వేడి చేసి చూశాను. 82 దగ్గర కదలడం మొదలైంది. చూడటానికి సరదాగా ఉంటుంది, మీరూ ట్రై చేయండి.

అయితే ఒక పని మర్చిపోకూడదు. మేలో బండి ఎందుకు వేడెక్కిందో కనిపెట్టకుండా థర్మోస్టాట్ పెట్టేస్తే, వచ్చే మేలో మళ్లీ వేడెక్కుతుంది, మళ్లీ ఎవరో ఒకరు దాన్ని పీకేస్తారు. రేడియేటర్ చూస్తే రెక్కల మధ్య దుమ్ము, దూది పేరుకుపోయి గాలి ఆడటం లేదు. దాన్ని క్లీన్ చేయించాం. అసలు రోగం అదే. థర్మోస్టాట్ తీసేయడం ఆ రోగానికి చేసిన తప్పు వైద్యం.

ఆ తర్వాత బాబాయి ఘట్‌కేసర్ వైపు ఆగకుండా ఓ లాంగ్ ట్రిప్ వేశాడు. ఈసారి గ్రాఫ్‌లో కూలంట్ 87 దగ్గర గీత గీసినట్టు నిలబడింది. ఎగ్జాస్ట్ 600కి వెళ్లి, 18 నిమిషాలు అక్కడే ఉండి, తనంతట తనే దిగింది. రీజెనరేషన్ పూర్తయింది.

తర్వాత మూడు ట్యాంకుల సగటు 13.7. పాత 14కి దాదాపు దగ్గరికి వచ్చేసింది. బాబాయికి మాత్రం గ్రాఫ్‌తో పనిలేదు. "ముల్లు నిలబడ్డది రా" అన్నాడు, అంతే.

మీరు చేయకూడనివి

డీపీఎఫ్‌ని ఖాళీ చేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ చేస్తాం అని కొందరు ఆఫర్ చేస్తారు. అది చట్టవిరుద్ధం, పైగా ఆ మసి అంతా మన వీధిలోనే వదులుతాం. డీపీఎఫ్ నిండటం చాలాసార్లు లక్షణం మాత్రమే, కారణం ఇంకెక్కడో ఉంటుంది.

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు. మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

కోడ్ కనిపించగానే ఎరేజ్ నొక్కొద్దు. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎరేజ్ చేస్తే కోడ్‌తో పాటు అది పడినప్పటి రీడింగ్స్ కూడా పోతాయి.

బండి నడుపుతూ మీరే ఫోన్ చూడొద్దు. పక్కన ఒకరు ఉండాలి, లేదా లాగ్ ఆన్ చేసి తర్వాత తీరిగ్గా చూసుకోండి.

ఫైనల్‌గా

మైలేజ్ పడిపోతే ఈ ఆర్డర్‌లో వెళ్లండి: ముందు ట్యాంక్ టు ట్యాంక్ లెక్క, తర్వాత టైర్లు, బ్రేకులు, క్లచ్, ఆ తర్వాత పెండింగ్ కోడ్స్, కూలంట్, టర్బో, రైల్ ప్రెషర్, డీపీఎఫ్. వీటిలో ఎక్కడా తేడా దొరక్కపోతేనే స్పానర్ పట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు కూడా గ్రాఫ్ చూపించి మాట్లాడండి. మంచి మెకానిక్ దాన్ని చూసి సంతోషిస్తాడు.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: "గత ఏడాదిలో ఈ బండికి ఏం మార్చారు, ఏం తీసేశారు?" ఏ అడాప్టరూ దీనికి జవాబు చెప్పదు. మా కేసులో గ్రాఫ్ వేడి తక్కువని చెప్పింది, కానీ వాల్వ్ ఎవరు తీశారో, ఎందుకు తీశారో బాబాయి జ్ఞాపకమే చెప్పింది.

మీ ఇంట్లోనో, వీధిలోనో డీజిల్ బండి మీద బతికేవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. గేమింగ్ ఫోన్‌లో ఫ్రేమ్ రేట్ గ్రాఫ్ చదవగలిగిన మీకు కూలంట్ గ్రాఫ్ చదవడం కష్టమేం కాదు. ఒక ఆదివారం వాళ్ల పక్క సీట్లో కూర్చుని చూడండి. మా బాబాయికి మిగిలింది నెలకి దాదాపు 5 వేలు. ఆ నెల ఈఎంఐ అడగకుండానే కట్టేశాడు.